కోడి మాట, బాతు మాట
మా మరిది హాంకాంగ్‌లో కొన్నేళ్ళు వంటపని చేసి, 1998లో తిరిగొచ్చి హిందూపురంలో హోటల్లో చేరాడు. అక్కడి కాంటనీసు భాషలోని ఒక సామెతను మాకు తెచ్చాడు: "గై తుంగ్ ఆప్ గోంగ్". కోడి బాతుతో మాట్లాడటమని అర్థం. ధర్మవరంలో మగ్గం నేసే మా ఆయనకది తెగ నచ్చింది.

ఆ ఏడే పెనుకొండలో ఉండే మా చెల్లెలు తన కూతురి పెళ్ళికని పచ్చ పట్టుచీర నేయమంది. ఆయన నిలువుగా సాగే ఎర్ర పడుగు మీద పచ్చ పేక వేశాడు. మా మగ్గాల దగ్గర అడ్డంగా పోయే పేక రంగే చీర రంగు. చెల్లెలు వచ్చి మడత విప్పగానే ఎరుపు మెరిసింది.

"పచ్చదడిగితే ఎర్రది నేసినావేం బావా?"

"ఎరుపు యాడుండాది మే? పేక పచ్చే గదా! నీతో మాట్లాడేది బాతుతో మాట్లాడినట్లే."

"బాతింటి పెండ్లికి నువ్వు రావద్దులే!" అని చీర చాప మీదే వదిలి, రైలెక్కి వెళ్ళిపోయింది.

ఆయన లేకుండా ఆ పెళ్ళికి నేనెలా వెళ్ళను? మరిది వచ్చినప్పుడు ఆ మాట ఎక్కడ వాడాలో విడమరచి చెప్పమన్నాను. జరిగింది విని తల కొట్టుకుని, వాళ్ళన్న వైపు తిరిగాడు.

"అది తిట్టు గాదన్నా. కోడి మాట బాతుకు తెలీదు, బాతు మాట కోడికి తెలీదు. తప్పు ఎవురిదీ గాదు. ఆడ మా వంట మేస్త్రి ఒకటి చెప్తే నేను తలూపి ఇంకొకటి చేసేవాణ్ణి. ఆయప్ప తన్ను గూడా కలుపుకొనే ఈ మాట అనేవాడు."

"అయితే నేను కోడినా?"

"కోడివే అన్నా."

ఆయన నవ్వలేదు. మరుసటి రోజు చీర సంచిలో పెట్టుకుని నాతోపాటు పెనుకొండకు బయలుదేరాడు. చెల్లెలి గుమ్మంలోనే నిలబడి పడుగేదో, పేకేదో చూపించాడు.

"నువ్వు చెప్పింది నాకు తెలీలే, నేను చెప్పింది నీకు తెలీలే. కోడీ బాతూ మాట్లాడుకున్నట్లాయ."

"కోడి ఎవురు?"

"నేనే."

చెల్లెలు చాలాసేపు చీరను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నేను కట్టుకుంటా. పెండ్లికింకా టైముండాది. పిల్లకు ఇంకొకటి నెయ్యి బావా, పడుగూ పచ్చే, పేకా పచ్చే." నా వైపు తిరిగింది. "బాతు చెప్పింది, కోడి వినింది. నువ్వే సాక్షి అక్కా." ఆయనకు కుర్చీ జరిపింది.