పుస్తకంలో రాయని ప్రశ్న

నాకు కాలు ఒకచోట నిలవదు. గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు. బొమ్మసంద్రలోని ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆ తొమ్మిదేళ్ళూ మిల్లింగ్ మిషను ముందు నిలబడి చేతులతో ఇనుము కోస్తూ, తలలో మాత్రం ఇంకెక్కడో తిరిగేవాణ్ణి. పరధ్యానానికి రెండుసార్లు మెమో ఇచ్చారు. రెండూ న్యాయమైనవే.

ఆ తిరుగుడు మొదలైంది తొంభైల మధ్యలో, అవెన్యూ రోడ్డు పక్కన పాత పుస్తకాల కుప్పలో దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకంతో. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. కథల పుస్తకమనుకుని కొన్నాను. తీరా చూస్తే అందులో కథ లేదు, కథను ఎలా ఆడాలో ఉంది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక మనిషై ఆ కథలోకి దిగుతారు. ఏం చేస్తారో నోటితో చెబుతారు. 'నేను ఏరు దాటుతాను' అని ఒకరంటే, దాటగలడా లేదా అని అనుమానమున్న చోట పాచిక వేస్తారు. అంతే. బోర్డు లేదు, పావులు లేవు, చివర్లో గెలిచేవాడూ లేడు. బస్సులో చదువుతూ కూర్చుని నా స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను.

ఇలాంటి ఆట నేనూ రాస్తానని ఆ వారమే తీర్మానించుకున్నాను. మొదట కోటలూ మంత్రగాళ్ళూ పెట్టి రాశాను. నేను జన్మలో చూడని కోటలు. ఆడటానికి కూర్చున్న మా అక్క, ఆ కోట తలుపు ఏ చెక్కతో చేశారని అడిగింది. నాకు తెలిస్తే కదా. కోపం వచ్చి ఆ కాగితాలన్నీ చించేశాను.

రెండోసారి మా ఇంటి సంగతే రాశాను. మాది నాలుగు తరాలుగా బెంగళూరులో ఉన్న నేతవాళ్ళ ఇల్లు. మా ముత్తాతలు పట్టుచీరల మూటలు నెత్తిన పెట్టుకుని అడవిదారుల్లో సంతలకు నడిచి వెళ్ళేవాళ్ళని నాన్న చెప్పేవాడు. నా ఆటలో ప్రతి మనిషికీ ఒక మూట ఉంటుంది. మూటలో అమ్మకానికి చీరలు, వాటి అడుగున ఇంటి నుంచి తెచ్చుకున్న వస్తువు ఒకటి. దారిలో ఏర్లు, దొంగలు, జ్వరాలు, తోడు నడిచేవాళ్ళతో తగాదాలు. సంతకు చేరేసరికి ఎవరి దగ్గర ఏం మిగిలిందన్నదే కథ.

పాచికల దగ్గర నా పిచ్చి బయటపడింది. ఆ పుస్తకంలో చెప్పిన పది ముఖాల పాచికలు బెంగళూరులో దొరకలేదు. ఫ్యాక్టరీలో పారేసే నైలాన్ ముక్కలతో నేనే చేయబోయాను. వెర్నియర్ పెట్టి కొలిచి, అంచులు రాసి, మూడు నెలలు తంటాలు పడ్డాను. ఎన్ని చేసినా ఏడే ఎక్కువ పడేది. నా అవస్థ చూసి అక్క ఐదు చింతగింజలు తీసుకుని, మెట్టు బండ మీద ఒకవైపు తెల్లగా అరగదీసి చేతిలో పెట్టింది. తెలుపు ఎన్ని పడితే అన్ని అంది. నా మూడు నెలల ఇంజనీరింగు పది నిమిషాల్లో అయిపోయింది. ఒళ్ళు మండింది కానీ గింజలు మాత్రం బాగా పడ్డాయి.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ యూనిట్‌లో కటింగ్ సెక్షన్ సూపర్‌వైజరు. అక్కడ బట్టను వంద పొరలుగా పరిచి ఒకేసారి కోస్తారు. కత్తి తప్పితే వందా పోయినట్టే. అందుకే కత్తి పెట్టేముందు ఆమె కటింగ్ మాస్టర్‌ను ఒక మాట అడుగుతుంది. ఆ మాట ఆమెది కూడా కాదు, మా అమ్మది. మగ్గం మీదికి కొత్త డిజైను ఎక్కించేముందు నాన్నను అమ్మ అడిగిన మాట. అక్క దాన్ని ఫ్యాక్టరీకి తీసుకుపోయింది, అక్కడినుంచి ఆదివారాలు మా ఇంట్లో టూల్‌రూము స్నేహితులతో సాగే నా ఆటలోకి తెచ్చింది. ఎవరు గింజలు చేతిలోకి తీసుకున్నా ఆపేసేది.

"ఉండప్పా. ఓడితే ఏమి పోతాది?"

మూట తడుస్తుందని అవతలివాడు చెబితే, తడిస్తే ఏమవుతుందని మళ్ళీ అడిగేది. అప్పుడు వాడు ఆలోచించి, అడుగున వాళ్ళమ్మ కుంకుమ భరిణె ఉందని చెప్పేవాడు. ఆ భరిణె అంతకుముందు లేదు. అక్క అడిగాక పుట్టింది. అది చెప్పాక కొందరు గింజలు కింద పెట్టి చుట్టుదారి పట్టేవాళ్ళు. కొందరు కళ్ళు మూసుకుని వేసేవాళ్ళు. నా టూల్‌రూము స్నేహితుడొకడు, ఆరడుగుల మనిషి, ఒకసారి ఏట్లో పోయిన భరిణె కోసం నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇదంతా నా ఆట గొప్పతనమే అనుకున్నాను. అక్క ప్రశ్నను మాత్రం చాదస్తం కింద జమకట్టాను.

రెండువేలు దాటాక ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగులు తీస్తుంటే, నేను ఉద్యోగం మానేసి చింతగింజల ఆటను పుస్తకం చేయడానికి కూర్చున్నాను. ఇక వెనక్కి పోవడానికి దారి లేదు, టూల్‌రూములో నా మిషను ముందు అప్పటికే వేరేవాడు నిలబడ్డాడు. నాలుగు భాషల ఊళ్ళో అందరికీ అందాలని ఇంగ్లీషులో రాశాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నియమాలు తేలకముందే అట్టకు బొమ్మ వేయించాను. రాసింది నచ్చేది కాదు. జ్వరం నియమం మార్చేవాణ్ణి, దాంతో దొంగల నియమం చెడేది, అది సరిచేస్తే సంత పాడయ్యేది. కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాణ్ణి. ఏడుసార్లు మొదటినుంచీ తిరగరాశాను.

ఏడో రాతప్పుడు ఒక ఆదివారం ఆట నడుపుతూ, అరగంటలో ఎన్ని సంఘటనలు అవుతాయో లెక్క చూస్తున్నాను. ఒకడు గింజలు తీశాడు. అక్క ఎప్పటిలాగే ఆపింది. నేను అందరి ముందూ విసుక్కున్నాను.

"ఆట ఆడనీక్కా. ఊరికే అడ్డం తగలాకు. నువ్వు నోరు మూసుకుంటే ఎప్పుడో సంత చేరుతుండ్రి."

అక్క తన ముందున్న గింజలు ఏరి డబ్బాలో వేసి మూత పెట్టింది. సరేప్పా అంది. ఆ పూట చివరిదాకా కూర్చుంది కానీ ఇంకెవర్నీ ఆపలేదు. తర్వాతి ఆదివారం రాలేదు, ఆ పైది కూడా. ఓవర్‌టైము ఉందేమో అనుకున్నాను. అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆట వేగంగా నడుస్తోందని లోపల సంతోషించాను కూడా. కొన్నాళ్ళకు టూల్‌రూము స్నేహితులూ ఒక్కొక్కరే మానేశారు. వాళ్ళకు పెళ్ళాలూ పిల్లలూ ఉన్నారు మరి, తీరిక ఉండదులే అని సర్దిచెప్పుకున్నాను.

పిల్లల చదువు ఆటలు అచ్చువేసే ఒక పెద్దమనిషి కాడుగోడిలో ఉండేవాడు. కన్నడిగుడు, నాతో తెలుగులోనే మాట్లాడేవాడు. నా పుస్తకం పట్టుకుపోతే పేజీలు తిప్పి ఒకటే షరతు పెట్టాడు. నిన్నెప్పుడూ చూడని నలుగురికి ఈ పుస్తకం ఇస్తాను, వాళ్ళు చదువుకుని ఆడతారు, నువ్వు పక్కన కూర్చోవచ్చు కానీ నోరు విప్పకూడదు, ఆట నిలబడితే అచ్చు వేస్తాను అన్నాడు. ఈ రంగంలో ఇది మామూలు పరీక్షే. కొన్నవాళ్ళందరి ఇళ్ళకూ ఆట రాసినవాడు పోయి కూర్చోలేడు కదా. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

రైల్వే స్టేషను దగ్గర ఒక షాపు పైనున్న గది. మధ్యాహ్నం. నలుగురూ కుర్రకారే, అందరూ వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, మర్యాదస్తులు. శ్రద్ధగా నియమాలు చదివారు. మూటలు కట్టుకున్నారు. నేను మూల కుర్చీలో కుక్కిన పేనులా కూర్చున్నాను.

ఆట మొదలైంది. ఏరొచ్చింది, గింజలు వేశారు, దాటారు. దొంగలొచ్చారు, గింజలు వేశారు, ఒకమ్మాయి ఓడింది. మూట పోయిందని కథ నడిపే అబ్బాయి చెప్పాడు. పోయిందా, ఓకే అని ఆమె కాగితం మీద మూటను కొట్టేసింది. మూటలో ఏముందమ్మా అని అరవాలనిపించి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. కింద రైలు పోతుంటే గది అదిరింది. ఆ తర్వాత ఇంకా వేగంగా ఆడారు. వేయడం, కొట్టేయడం, వేయడం, కొట్టేయడం. గంటలో సంత చేరిపోయారు. మా ఇంట్లో అది రెండు ఆదివారాల దూరం. ఒకతను ఫోను చూసుకున్నాడు. బాగుంది సార్ అని నలుగురూ చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

"నియమాలన్నీ ఉండాయి," అన్నాడు పెద్దమనిషి. "ఏదో లేదు. అదేందో నాకి తెల్దు. నీకి తెలియాల."

నాకూ తెలియలేదు. తెలిసింది కోపమొక్కటే. బస్సులో ఆ నలుగుర్నీ తిట్టుకున్నాను, వాళ్ళ ఫోన్లను తిట్టుకున్నాను, చింతగింజల్ని కూడా వదల్లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బస్సు మారడానికి దిగి నిలబడ్డప్పుడు, మూటను కొట్టేసిన ఆ అమ్మాయి మళ్ళీ గుర్తొచ్చింది. అదే మా బల్ల దగ్గరైతే, గింజలు వేయకముందే అక్క ఆపి ఉండేది. సంచిలోంచి పుస్తకం తీసి స్టాపులోనే మొదటి పేజీ నుంచి చివరిదాకా వెతికాను. ఏడుసార్లు రాసిన పుస్తకంలో ఆ ప్రశ్న ఒక్కచోటా లేదు. అక్క బల్ల దగ్గరే ఉండేది గనుక రాయాల్సిన అవసరం ఎప్పుడూ కలగలేదు. అక్కను పంపేశాక, ప్రశ్న ఎక్కడా మిగల్లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇంటి బస్సు వచ్చినా ఎక్కలేదు. అక్క ఇల్లున్న బొమ్మనహళ్ళి వైపు పోయే బస్సు ఎక్కాను.

అక్క వాకిట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూర్చోమంది. నేను నిలబడే మొత్తం చెప్పాను, కాడుగోడి, ఆ నలుగురు, మూట, అన్నీ. ఆ ప్రశ్నను పుస్తకంలో పెట్టుకుంటానని అడిగాను. ఆమె ఒలుస్తూనే వింది.

"రాసుకోప్పా. దానికి నన్నడిగేదేముండాది? అమ్మ మాట అది."

నేను కదల్లేదు. అప్పుడు తలెత్తింది.

"అందురి ముందర నన్ను నోరు మూసుకోమన్న దినము, ఏమి పోతాదని నువ్వు ఒకతూరి అనుకోని ఉంటే సాలు."

ఉద్యోగం మానేసినప్పుడూ, కాడుగోడిలో ఓడినప్పుడూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. పక్కన కూలబడి చాటలోంచి గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. తప్పయిందక్కా అన్నాను. నేను గింజలతోపాటు తొక్కలు కూడా గిన్నెలో వేస్తున్నానని, చూసి ఒలవమంది అక్క.

ఎనిమిదోసారి రాయడానికి ఒక్కరోజు పట్టింది. మొదటి పేజీలో ఆ ప్రశ్న పెట్టాను, ఎవరు గింజలు తీసినా పక్కవాళ్ళు అది అడిగి తీరాలని రాశాను. పుస్తకమంతా ఇంగ్లీషు, ఆ ఒక్క వాక్యం మాత్రం అక్క అన్నట్టే తెలుగులో ఉంచి, కింద అర్థం ఇచ్చాను. పెద్దమనిషి మళ్ళీ వేరే నలుగుర్ని కూర్చోబెట్టాడు. సాయంత్రమయినా వాళ్ళు ఏరు దగ్గరే ఉన్నారు. ఆయన అచ్చు వేశాడు. పెద్దగా అమ్ముడుపోలేదు కానీ, ఆ పుస్తకం చూసి ఒక సెల్‌ఫోన్ ఆటల కంపెనీవాళ్ళు నన్ను పనిలోకి పిలిచారు. అక్కడా నాకు కాలు నిలవలేదు, అది వేరే సంగతి.

అచ్చయిన కాపీ వచ్చిన ఆదివారం అక్క వచ్చింది. స్నేహితులకూ కబురు పెట్టాను. ఆట మొదలయ్యాక ఏరు దగ్గర మొదటి వంతు అక్కదే పడింది. గింజలు చేతిలోకి తీసుకుని ఆగింది. అందరూ నా వైపు చూస్తున్నారు, అక్క కూడా. అడగాల్సింది నేనని అప్పుడు తట్టింది.

"ఓడితే ఏమి పోతాదక్కా?"

"పోయేదేదో ఒకతూరి పోయి, తిరిగొచ్చిందిలేప్పా," అని గింజలు వేసింది.