కిటికీల కస్మూరి

జావా దీవిలోని కుతోఅర్జో ఊళ్ళో ఎవరి నడినెత్తిన జుట్టు ఏ ఏడు పలచబడిందో వాళ్ళ భార్యల కంటే ముందు కస్మూరికి తెలిసేది. ముప్పై తొమ్మిదేళ్ళు అతను ఊరిని పైనుంచే చూశాడు. రైల్వే స్టేషన్ వెనక ఉన్న ఆటల హాలులో, జనం కూర్చునే మెట్లకు పైన, గోడల వెంట ఒక్క మనిషి మాత్రమే నడవగల చెక్క బాట ఉండేది. తూర్పు గోడకు ఐదు కిటికీలు, పడమటి గోడకు ఐదు. వాటి తాళ్ళు లాగడం, వదలడం అతని ఉద్యోగం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్ళు ఎన్నడూ బ్యాడ్మింటన్ ఆడనివాళ్ళు.

ఆడినవాళ్ళకు తెలుసు. షటిల్ అంటే ఒక బెండు ముక్క, పదహారు ఈకలు. గాలి వీపున ఉన్నవాడు కాస్త గట్టిగా కొట్టాడా, గీత దాటి పోతుంది. గాలి ముఖాన ఉన్నవాడు ఎంత బలంగా లేపినా గాలే దాన్ని ఆపి లోపల పడేస్తుంది. అలాగని కిటికీలన్నీ మూస్తే రెండు వేల మంది జనం ఉడికిపోతారు. అందుకని ఆ హాలులో ఒక కట్టుబాటు ఉండేది. ఆటకు ముందు రెండు పక్షాల పెద్దలూ కోర్టు మధ్యకు వచ్చేవాళ్ళు. కస్మూరి లవంగాల సిగరెట్టు ఒకటి వెలిగించి, దమ్ము లాగకుండా పట్టుకుని నిలబడేవాడు. పొగ ఎటు వాలుతుందో చూసుకుని, ఏ కిటికీ ఎంత తెరవాలో అందరూ ఒప్పుకునేవాళ్ళు. ఆ తర్వాత ఆట ముగిసేదాకా తాడు ముట్టకూడదు. ఆటగాళ్ళు అటూ ఇటూ మారతారు గనక గాలి ఇద్దరికీ సమానమే.

ఆ చెక్క బాట మీద నుంచి అతను చూడనిది లేదు. జానపద నాటకాల వాళ్ళు వచ్చినప్పుడు రాజుగారి కిరీటం లోపల కుట్టిన పాత తువ్వాలు ఊరంతటిలో అతనొక్కడికే కనిపించింది. సురబాయా ఇంద్రజాలికుడు పెట్టెలో పడుకోబెట్టిన అమ్మాయిని రంపంతో కోస్తుంటే కింద ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. పెట్టెలో ఉన్నది ఇద్దరమ్మాయిలని పైనుంచి చక్కగా తెలుస్తూనే ఉంది. అతను ఎవరికీ చెప్పలేదు. వరద వచ్చిన ఏడాది మూడు వందల కుటుంబాలు కోర్టు మీదే పడుకున్నాయి. ఎవరూ చెప్పకుండానే గీతల ప్రకారం చోటు పంచుకున్నాయి. ఒక తల్లి తన చంటిదాన్ని సరిగ్గా సర్వీసు గీత లోపల పడుకోబెట్టి, బయటికి దొర్లితే మళ్ళీ లోపలికి జరిపేది. మెట్ల మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే తుమినిని కూడా మొదట అతను చూసింది పైనుంచే. వంకర పాపిడి, దాని పక్కన ఎర్ర దువ్వెన. ముఖం చూడటానికి మెట్లు దిగి వెళ్ళాడు. ఆ దిగడం పెళ్ళి దాకా వెళ్ళింది.

అయితే ఊరికి ఆ హాలు అంటే ఇవేవీ కావు. ఊరికి హాలు అంటే 1981 ఆగస్టు ఫైనలు. రైల్వే షెడ్డులో ఇంజన్లు తుడిచే బగ్యో, మగెలాంగ్ నుంచి వచ్చిన హర్జోనోను ఓడించి కప్పు గెలిచిన ఆదివారం మధ్యాహ్నం. కుతోఅర్జో గెలిచిన కప్పు అదొక్కటే. ఆ రోజు హాలులో లేనివాళ్ళు కూడా ఉన్నామని చెబుతారు. ఎవరు చెప్పినా ఒకే మాట: ఆ చివరి పాయింట్లప్పుడు ఉత్కంఠతో ఊపిరాడలేదు.

ఊపిరాడకపోవడానికి కారణం ఉత్కంఠ కాదని కస్మూరికి తెలుసు. తూర్పు కిటికీలు మూసింది అతనే.

పదిహేను పాయింట్ల ఆఖరి గేములో హర్జోనో గాలి వీపున పెట్టుకుని కూడా ఎనిమిది, అయిదుతో ముందుకు పోయాడు. ఎనిమిది దగ్గర వైపులు మారారు. ఇక గాలి హర్జోనోకు ముఖాన ఉంటుంది. అంటే ఊరు ఓడినట్టే. కింద తనకు తెలిసిన నెత్తులన్నీ వంగిపోవడం కస్మూరి చూశాడు. తూర్పున తెరిచి ఉన్న రెండు కిటికీల తాళ్ళూ వదిలాడు. పొద్దున్నే తనే నూనె వేశాడు కాబట్టి కిటికీలు చప్పుడు చేయలేదు. హర్జోనో గాలిని నమ్మి లేపిన షటిళ్ళు ఒకటి తర్వాత ఒకటి గీత అవతల పడ్డాయి. బగ్యో పదిహేను, హర్జోనో పదకొండు.

ముప్పై ఆరేళ్ళు గడిచాయి. హాలు పైకప్పుకు చిల్లులు పడ్డాయి. దాన్ని కూల్చి మార్కెట్ కడతామని జిల్లా ఆఫీసు వాళ్ళు ప్రకటించాక ఊరికి దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అంతకుముందు పదేళ్ళు అందులోకి తొంగి చూడనివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఒక ఆదివారం పొద్దున వీడ్కోలు సభ పెట్టారు. జ్ఞాపకాలు చెప్పమని కస్మూరిని పిలిచారు. మగెలాంగ్ నుంచి హర్జోనో కూడా వస్తున్నాడని చెప్పారు.

తుమినికి సంగతి తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే అతను చెప్పుకున్నాడు. సభకు చొక్కా ఇస్త్రీ చేస్తూ, "రాజు కిరీటం గురించి చెప్పు, నవ్వుతారు. కిటికీల జోలికి పోకు పాక్నే" అంది, భర్తను ఎప్పుడూ పిలిచే పిలుపుతో.

"ఆయన వస్తున్నాడు."

"వస్తే టీ తాగి పోతాడు. ఈ ఊరికి మిగిలింది ఆ కప్పొక్కటే. బగ్యో సాటే కొట్టుకు జనం వచ్చేది పుల్లకు గుచ్చి కాల్చిన ఆ మాంసం కోసం అనుకుంటున్నావా? గోడ మీద ఆ ఫోటో చూడ్డానికి. నీ మనసు తేలిక పడాలని వాడి గోడ కూలుస్తావా?"

ఆమె మాటలో అబద్ధం లేదు. చెప్పకూడదని అనుకునే అతను ఇల్లు కదిలాడు.

సభలో జిల్లా అధికారి అరగంట మాట్లాడాడు. హాలు పేరు రెండుసార్లు తప్పు చెప్పాడు. తర్వాత హర్జోనోను లేపారు. పొడుగు మనిషి, కొంచెం వంగిపోయాడు. ఫైనలు గురించి చెప్పమని జనం గోల చేస్తే నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఆ రోజు బగ్యో బాగా ఆడాడని అన్నాడు. తను మాత్రం భయపడ్డానని అన్నాడు.

"ఎనిమిది, అయిదు దాకా నా చెయ్యి నా మాట విన్నది. గెలుపు దగ్గర పడగానే భయం పట్టుకుంది. షటిల్ ఎంత దూరం పోతుందో నా చేతికే తెలియకుండా పోయింది. భయస్థుడికి ఈ ఆట పనికిరాదని ఆ ఏడే రాకెట్ వదిలేశాను. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకు ఆట నేర్పాను. ప్రతి ఏడూ ఈ కథే చెప్పేవాణ్ణి, నాలాగా కావద్దని."

జనం చప్పట్లు కొట్టారు. ఎంత వినయం, ఎంత పెద్దమనసు అనుకున్నారు. కస్మూరి చేతిలోని తీపి టీ చల్లారిపోయింది. ఇన్నేళ్ళూ అతను ఆ మనిషి నుంచి ఒక కప్పు దొంగిలించాననే అనుకున్నాడు. తీసుకున్నది కప్పు కాదని ఇప్పుడు తెలిసింది.

తన వంతు రాగానే మైకు దగ్గరికి వెళ్ళాడు. ముందు వరసలో తుమిని తల అడ్డంగా ఊపింది.

"పాక్ హర్జోనో చెయ్యి వణకలేదు" అన్నాడు, పేరు ముందు గౌరవంగా 'పాక్' చేర్చి. "ఎనిమిది దగ్గర వైపులు మారాక నేను తూర్పున తెరిచి ఉన్న కిటికీలు రెండూ మూసేశాను. గాలి ఆగిపోయింది. ఆయన కొట్టింది సరిగానే కొట్టాడు."

ఎవరో పకపకా నవ్వారు. హాలంతా నవ్వింది. తాళ్ళు లాగే కస్మూరి కప్పు తనే గెలిచానంటున్నాడని, వయసు మీద పడిందని, ఇంతకాలం ఈ హాస్యం ఎక్కడ దాచాడని మెట్ల మీద మాటలు. కస్మూరి అదే మాట మళ్ళీ చెప్పాడు. నవ్వు ఇంకా పెరిగింది. బగ్యో లేచి మైకు అందుకున్నాడు.

"జాగ్రత్త, రేపు నా సాటే కూడా కిటికీలే కాల్చాయంటాడు మన కాంగ్ కస్మూరి, మన పెద్దన్న" అన్నాడు.

జనం కడుపులు పట్టుకున్నారు. బగ్యో కూడా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళెత్తి తూర్పు గోడ వైపు చూశాడు. ఆ తర్వాత కస్మూరి వైపు మాత్రం చూడలేదు.

నవ్వనిది హర్జోనో ఒక్కడే. సభ చెదిరిపోతుంటే దగ్గరికి వచ్చాడు.

"ఏ కిటికీలు?"

"తూర్పున రెండోది, నాలుగోది. తెరిచి ఉంచాలని ఒప్పుకున్నవి అవే."

హర్జోనో పడమటి గీత దగ్గరికి నడిచి వెళ్ళి, చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చినప్పుడు అతని పెదవులు బిగుసుకుని ఉన్నాయి.

"నా భార్య పోయిన ఏడాది పోయింది" అన్నాడు. "నేను భయస్థుణ్ణి కానని ముప్పై అయిదేళ్ళు చెబుతూనే ఉంది. నేను నమ్మలేదు. ఒక్క ఏడాది ముందు నోరు విప్పాల్సింది మీరు."

కస్మూరి క్షమించమని అడగలేదు. అది అడగడానికి కూడా ఒక హక్కు ఉండాలి.

"నా రైలు ఒంటిగంటకు. స్టేషన్ దాకా రండి. ఎనిమిది దగ్గర నుంచి చెప్పండి. ఒక్కో పాయింటూ."

ఇద్దరు ముసలివాళ్ళూ ఎండలో నడిచారు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చునే సరికి బగ్యో ఆరో పాయింటు దాకా వచ్చారు.

"ఆరు?"

"గాలి. గీత అవతల నాలుగు వేళ్ళ దూరంలో పడింది."

"ఏడు?"

"అదీ అంతే. ఎనిమిదో దానికి మీరు అనుమానపడి పొట్టిగా కొట్టారు. బగ్యో స్మాష్ కొట్టాడు. తొమ్మిదీ అలాగే."

"ఆ పొట్టివి? అవి గాలివా, నావా?"

కస్మూరి ఆలోచించాడు. ముప్పై ఆరేళ్ళలో ఈ ప్రశ్న తనకు ఒక్కసారి కూడా రాలేదు. తెలియదని చెప్పాడు. హర్జోనో తల ఊపి, కానివ్వమన్నాడు. పది, పదకొండు, పన్నెండు అయ్యాయి. ఒంటిగంట రైలు వచ్చి ఆగింది.

"పదమూడు?"

కస్మూరి తడబడ్డాడు. ఇదీ తన నేరమేనంటే ఆ మనిషికి ఊరటగా ఉంటుంది. కానీ ఇక అబద్ధం చెప్పదలచుకోలేదు.

"అది గాలి కాదు, పాక్. బగ్యో నెట్ పక్కన వదిలాడు. మీరు ఆలస్యంగా వంగి నెట్‌కి కొట్టారు. కిటికీ తెరిచి ఉన్నా అంతే."

హర్జోనో రైలు వైపు చూశాడు. అతని ముఖంలో బిగువు మొదటిసారి సడలింది.

"అవును. అది నాదే" అన్నాడు.

గార్డు ఈల వేశాడు. హర్జోనో లేవలేదు.

"పద్నాలుగు చెప్పండి."