507 నంబరు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. సర్వర్ ఆన్ చేసి, లైట్లు వెలగడం చూసి, లోపల ఏం నడుస్తోందో చూడకుండానే గదికి తాళం వేసుకుని భోజనానికి ఇంటికి వెళ్ళిపోయాను.

దెయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. చెప్పేవాళ్ళని ఎగతాళి కూడా చేసేవాణ్ణి. ఇప్పుడూ ఉన్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు, నా తప్పులతో సహా చెప్పాలని రాస్తున్నాను.

రెండువేల ఒకటో రెండో. విజయవాడ వన్ టౌన్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. మాకు చల్లపల్లిలో బ్రాంచి ఉండేది. అక్కడి శాంపిల్స్ పొద్దున్నే బస్సులో వచ్చేవి. ఫలితాలు మేం సర్వర్లో ఎక్కిస్తే, మధ్యాహ్నం వాళ్ళ కంప్యూటరు ఫోన్ లైన్ మీద డయల్ చేసి తీసుకునేది. ఆ పిలుపు కోసం మా సర్వర్లో ఒక ప్రోగ్రాం రాత్రీపగలూ కాచుకుని ఉండేది. అలాంటివాటిని డెమన్ అంటారు.

దాన్ని పెట్టింది నా సీనియర్ మస్తాన్ గారు. సర్వర్లో అన్ని అధికారాలూ ఉండే యూజర్ని రూట్ అంటారు. ఆయన ఆ ప్రోగ్రాంని రూట్ కింద నడపనిచ్చేవారు కాదు. దానికంటూ ఏ అధికారమూ లేని ఒక యూజర్ని తయారుచేసి, 507 నంబరిచ్చి, దాని కింద నడిపేవారు. "దొంగ దూరినా వసారా వరకే రావాలయ్యా, బీరువా దాకా రాకూడదు" అనేవారు. మెషీన్ ఆన్ అవగానే ప్రోగ్రాం తనంతట తానే మొదలయ్యేలా స్టార్టప్ స్క్రిప్ట్ రాసి, మూడుసార్లు ఆపి, మూడుసార్లు ఆన్ చేసి చూసేవారు. నేను నవ్వేవాణ్ణి.

ఆ వేసవిలో ఆయన గుండెపోటుతో పోయారు. ఆయన భార్య ఫాతిమా గారు మా ల్యాబులోనే కౌంటర్లో శాంపిల్స్ రాసుకునేవారు.

వానాకాలంలో ఒకరోజు రిపోర్టులు ఆగిపోయాయి. నేను ఒక ఫోల్డరు మార్చాను, అందులో రాయడానికి 507కి అనుమతి లేదు. తప్పు నాది. ఓనరు గారు అడిగితే మాత్రం, మస్తాన్ గారు పెట్టిన అడ్డంకుల వల్లేనన్నాను. "ఆయనకి పనికన్నా తాళాల పిచ్చి ఎక్కువలే" అని ఓనరు గారు అందరిముందూ అన్నారు. కౌంటర్లో ఫాతిమా గారు తల వంచుకున్నారు. నేను నోరు విప్పలేదు.

ఆ సాయంత్రమే యూజర్ని తీసేశాను, స్క్రిప్ట్ చెరిపేశాను. ప్రోగ్రాంని రూట్ కింద చేత్తో మొదలుపెట్టాను. కొత్త స్క్రిప్ట్ రేపు రాద్దామనుకున్నాను. మెషీన్ ఏడాది పొడుగునా ఆగదు కాబట్టి ఆ రేపు రానేలేదు.

ఆగేది ఆయుధపూజ రోజు ఒక్కటే. ఆ రోజు అన్ని మెషీన్లూ ఆపి, తుడిచి, బొట్లు పెట్టి, హారతిచ్చి మళ్ళీ ఆన్ చేయడం మా ఆనవాయితీ. మస్తాన్ గారు ఉండగా దగ్గర నిలబడి "బొట్టు పెట్టండి గానీ, పసుపు ఫ్లాపీ కన్నంలో పోయకండి" అనేవారు. ఆ ఏడు అనేవాళ్ళు లేరు. పన్నెండూ ముప్పావుకి సర్వర్ ఆన్ చేశాను. అందరూ పులిహోర పొట్లాలు తీసుకుని వెళ్ళిపోయారు.

గుణదలలో మా ఇంట్లో భోంచేసి నడుం వాల్చాక, మూడు గంటలకి గుర్తొచ్చింది. ప్రోగ్రాంని మొదలుపెట్టే లైను ఆ మెషీన్లో ఎక్కడా లేదు. పొద్దున మేం ఎక్కించిన ఫలితాల్లో ఒక గర్భిణిది ఉంది, కామెర్లు బాగా ముదిరిన మనిషి. ఆమెని విజయవాడ పంపాలా వద్దా అన్నది ఆ రిపోర్టు చూసి తేలుస్తామని చల్లపల్లి డాక్టరు గారు కబురు పెట్టారు. మా ల్యాబులో ఫోనెత్తేవాళ్ళు కూడా లేరు.

దసరా జనంతో దారులు మూసుకుపోయాయి. స్కూటరు ఒకచోట పడేసి పరిగెత్తాను. తాళం నేను వేసినట్టే ఉంది. రెండో తాళంచెవి ఓనరు గారిది, ఆయన ముందురోజే బందరు వెళ్ళారు.

స్క్రీన్ మీద ప్రోగ్రాం నడుస్తోంది. ఎవరి కింద నడుస్తోందో చూపించే చోట యూజర్ పేరు లేదు. ఉత్త అంకె ఉంది. 507. పేరు తీసేసిన యూజర్ అలాగే కనిపిస్తాడు. మెషీన్ ఆన్ అయిన రెండో నిమిషానికి మొదలైందని నమోదై ఉంది.

చల్లపల్లికి ఫోన్ చేశాను. సిస్టర్ మార్తమ్మ గారు ఎత్తారు. "రిపోర్టు ఒంటిగంటా ఇరవైకే దిగిందండీ. డాక్టరు గారు చూసిన వెంటనే ఆమెని జీపెక్కించాం. ఇంకో గంట చూస్తే మనిషి దక్కేది కాదేమో" అన్నారు.

ఫోన్ పెట్టేశాను. మెషీన్ని ఆపి ఆన్ చేశాను. ప్రోగ్రాం రాలేదు. ఇంకోసారి చేశాను. రాలేదు. స్టార్టప్ ఫైళ్ళన్నీ వెతికాను, ఆ నంబరు ఎక్కడా లేదు. తర్వాత హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక తెలిసినాయన, పాత లైనేదో మిగిలిపోయి ఉంటుందన్నాడు. రెండు రోజులు వెతికి, చూపించలేక వెళ్ళాడు.

ఆయుధపూజ సాయంత్రమే 507కి మళ్ళీ యూజర్ని తయారుచేశాను. స్క్రిప్ట్ రాసి మూడుసార్లు ఆపి, మూడుసార్లు ఆన్ చేశాను. మూడుసార్లూ వచ్చింది.

పండగయ్యాక ఓనరు గారితో, అందరూ వింటుండగా, వానాకాలంలో రిపోర్టులు ఆగింది నా వల్లనీ, మస్తాన్ గారి మీద అబద్ధం చెప్పాననీ ఒప్పుకున్నాను. ఆయన తిట్టారు, పడ్డాను. తర్వాత కౌంటర్ దగ్గరికెళ్ళి ఫాతిమా గారిని క్షమించమని అడిగాను. ప్రోగ్రాం సంగతి కూడా చెప్పాను.

ఆమె రాస్తున్న రిజిస్టర్ మూసి పక్కన పెట్టారు.

"ఇంట్లో గ్యాసు కూడా మూడుసార్లు చూసేవారండీ. మేమూ నవ్వేవాళ్ళమే" అన్నారు.

ఆ గర్భిణి బతికింది. ఆ మధ్యాహ్నం ప్రోగ్రాంని ఎవరు మొదలుపెట్టారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత చాలాచోట్ల పనిచేశాను. స్క్రిప్ట్ రాసిన ప్రతిసారీ మూడుసార్లు ఆపి చూస్తాను, కుర్రాళ్ళు నవ్వుతారు. నా చేతిలో ఉన్న ఏ మెషీన్లోనూ 507 నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు.