అనవసరం అని తీసేసిన మాటలు

అప్పలస్వామి గారికి చెవులు పూర్తిగా పోయాయన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆటో నడిపే సంతోష్ భయ్యా. అది 2024 వానాకాలం. మాది హిందీ మాట్లాడే ఉక్కు ప్లాంటు ఊరు. పవర్ హౌస్ బజారు నుంచి నా సరుకులు తెచ్చి రిసాలిలో మా గేటు దగ్గర దింపేది ఆయనే. "దీదీ, మరోదా వాలే స్వామి అంకుల్ కో అబ్ కుఛ్ సునాయీ నహీ దేతా" అని, కంప్యూటర్ తెలిసినదాన్ని కాబట్టి ఏమైనా చెయ్యగలనేమో ఆయన భార్య, ఆంటీ, అడగమందని చెప్పారు.

నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. చిన్నప్పుడు ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. ప్లాంటులో పనిచేసే నాన్న షిఫ్టు నుంచి వచ్చి లెక్కలు చెప్పేవారు, అమ్మ తెలుగు రాయించేది. నాన్న కొనిచ్చిన పాత కంప్యూటర్ మీద కోడ్, అంటే యంత్రానికి మనం రాసే ఆజ్ఞలు, నా అంతట నేనే నేర్చుకున్నాను. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళు నేర్పిన చదువే అన్నం పెడుతోంది. పొద్దున దీపం దగ్గర ముందు ఆ మాటే దేవుడికి చెప్పుకుంటాను.

దుకాణాలకీ, చిన్న క్లినిక్కులకీ ప్రోగ్రాములు రాస్తాను. రాసేదాన్ని, అనాలి. ఇప్పుడు కోడ్ ఏఐ రాస్తుంది, నేను కూర్చుని తప్పులు వెతుకుతాను. దీన్ని కోడ్ రివ్యూ అంటారు. "ఏఐ వచ్చేసింది కదా, నీ పని పోలేదా?" అని కనిపించినవాళ్ళంతా అడుగుతారు. పని పోలేదు. ఇదివరకు ఎక్కడైనా చిక్కుకుంటే నాలాంటి పని చేసేవాళ్ళెవరికో ఫోన్ చేసేదాన్ని. వాళ్ళింట్లో కుక్కర్ కూత వినపడేది, పిల్లల గొడవ వినపడేది. ఇప్పుడు ఏ ప్రశ్నకైనా తెరే జవాబిస్తుంది. కొన్ని రోజులు సాయంత్రం సంతోష్ భయ్యాకి థాంక్స్ చెప్పినప్పుడు గానీ నా గొంతు నాకు వినపడదు.

వాళ్ళుండే మరోదా వెళ్ళాను. నేను బాబాయ్ అని పిలిచే అప్పలస్వామి గారు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్య పడే చప్పుడులో ఏళ్ళ తరబడి నిలబడిన మనిషి. చెవి మిషన్ పెట్టినా లాభం లేదని డాక్టర్ చెప్పేశారట.

"రా తల్లీ, కూకో. గట్టిగా మాటాడకు, దండగ" అన్నారు, వీధి చివరికి వినపడేంత గట్టిగా.

"చూసేవా" అంది ఆయన భార్య నారాయణమ్మ పిన్ని. "ఈయన గొంతు ఈయనకే ఇనపడదు. పక్క క్వార్టర్ వాళ్ళు మా ఇంట్లో రోజూ తగువనుకుంటన్నారు."

టీవీ మాటలు చదవాలనుందా, ఫోన్ మాట్లాడాలనుందా అని కాగితం మీద రాసి ఆయన్ని అడిగాను.

"టీవీ నాకేటికి. ఈవిడ ఏటంటాదో తెలియాల."

"ఇనపడిన రోజుల్లో ఇన్నాడా ఏటి?" అని పిన్ని నా వైపు తిరిగి నవ్వింది.

టీ పెడతానని నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళాక ఆవిడ మాట మారింది. "ఎంతని అరుస్తాం తల్లీ? అన్నం, మాత్ర, నీళ్ళు. అవి అరుస్తాను. మా అమ్మ కలలోకొచ్చిందని అరవగలమా?" అరవలేని మాటలన్నీ ఆవిడ ఎప్పుడో మానేసింది. పిల్లలు లేని ఇల్లు. ఆవిడ నోరు మూసుకుంటే ఆ ఇంట్లో ఇంకో మాట లేదు. ఆవిడ మాట మళ్ళీ ఆయనకి చేరాలి. నాకిచ్చిన పని అదీ.

మాటను విని అక్షరాలుగా మార్చే పద్ధతిని స్పీచ్ రికగ్నిషన్ అంటారు. ఒక పాత టాబ్లెట్ తీసుకుని, చూపు మందగించిన పెద్దాయన కోసమని, అక్షరాలు బాగా పెద్దవిగా ఉండాలని ఏఐకి చెప్పాను. నా టీ చల్లారే లోపల కోడ్ రాసిచ్చింది. పెద్ద అక్షరాలు తెర మీద కొన్నే పడతాయి కదా, అందుకని నేను అడక్కుండానే ఒక ఫిల్టర్ కూడా పెట్టింది. వినపడినదాంట్లో అవసరమైన ముక్క ఉంచి మిగతాది తీసేస్తుంది. గదిలో చప్పుళ్ళకి పుట్టే పిచ్చి అక్షరాలని కూడా అదే ఏరేస్తుంది. కోడ్ మధ్యలో, చదివే మనిషి కోసం రాసే వివరణలో, "అనవసరమైన మాటలు ఇక్కడ తొలగించబడతాయి" అని ఉంది. ఎంత ముందుచూపు అనుకున్నాను. తప్పులేం దొరకలేదు.

టాబ్లెట్‌ని వంటింట్లో స్టాండు మీద నిలబెట్టాం. పిన్ని ఏదో అంది. తెర మీద "భోజనం సిద్ధంగా ఉంది" అని పడింది. బాబాయ్ గారు అది చదివి రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టబోతే ఆపాను. ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ దారంతా దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

కొన్ని వారాలకి పిన్ని ఫోన్ చేసింది. "నీ మిషను మంచిదే తల్లీ. కానీ నేనేటి చెప్పినా ఈయన సంచీ పట్టుకుని లేస్తన్నాడు."

నాకు అర్థం కాలేదు. వెళ్ళాను. "కూకుని చూడు" అని పిన్ని ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టింది. "ఎదురింటి పిల్లలు మన జామచెట్టెక్కేస్తన్నారు. ఎక్కనీ అనుకున్నాను. మా చెల్లి కూడా ఇలాగే గోడలెక్కేది, జొరమొచ్చి పోయింది పాపం. ఆ చిన్నపిల్ల నవ్వుతుంటే అచ్చం మా చెల్లే. దాన్ని చూస్తా నిలబడిపోతే పొయ్యి మీద పాలు పొంగిపోయినాయి, ఇంక లేవు."

తెర మీద ఒక్క వాక్యం పడింది. "పాలు అయిపోయాయి."

బాబాయ్ గారు అది చదివి, మేకుకి తగిలించిన సంచీ తీసుకుని, చెప్పులు వేసుకున్నారు. పిన్ని నవ్వబోయి ఆగిపోయింది. "అదీ సంగతి" అంది మెల్లగా.

ఏఐ తప్పు చెయ్యలేదు. పాలు నిజంగానే అయిపోయాయి. నేను అక్కడే కూర్చుని ఆ ఫిల్టర్ మొత్తం తీసేశాను. ఆ తర్వాత తెర నిండా అక్షరాలు గబగబా పరిగెత్తాయి. విజయనగరం యాస, మధ్యలో హిందీ, సగం మాటలు తప్పులు. ఆయన అందుకోలేక చెయ్యి పైకెత్తేవారు, ఆవిడ ఆగేది, చెయ్యి దించాక మళ్ళీ మొదలుపెట్టేది. చూస్తుండగానే ఇద్దరికీ అది అలవాటైపోయింది.

"ఏయ్, ఇక్కడ సన్నాసీ అనుంది. ఇది తప్పు రాసిందా, నువ్వన్నావా?"

"నేనే అన్నాను. అది బాగానే రాసింది."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. నేను ఆటోలో రిసాలి వచ్చి తాళం తీసేసరికి మా ఇల్లు రోజూకంటే నిశ్శబ్దంగా అనిపించింది.

చలికాలం చివర్లో పిన్ని పోయింది. గుండె ఆగిపోయిందన్నారు. మంచం పట్టలేదు, ఎవరి చేతా సేవలు చేయించుకోలేదు.

కర్మలన్నీ అయి, ఎండలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బాబాయ్ గారు మా ఇంటికి వచ్చారు. టాబ్లెట్‌ని తువ్వాల్లో చుట్టి తెచ్చారు.

"తల్లీ, ఇది ఇంకా రాస్తంది."

ఎవరు మాట్లాడితే అని కాగితం మీద రాశాను.

"ఎవరూ లేరు. నేనూ నోరిప్పను. వంటింట్లోనే ఉంచేను, రాస్తంది. రా అంటాది. ఉండు అంటాది. ఓసారి చలి అంది."

బల్ల మీద పెట్టి ఆన్ చేశాం. ఇద్దరం మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాం. పైన ఫ్యాన్ తిరుగుతోంది. కాసేపటికి తెర మీద "ఉండు" అని పడింది. లేచి ఫ్యాన్ ఆపాను. తెర ఖాళీగా ఉండిపోయింది. మాటలు వినడానికే తయారైన ప్రోగ్రాము, మాట లేనప్పుడు చప్పుడులోంచే ఒక మాట కల్పిస్తుంది. ఇలాంటివాటినే ఫిల్టర్ ఏరేసేది. పిన్ని మాటల కోసం నేను తీసేసింది దాన్నే.

నా చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది. ఆయన దాన్నే చూస్తున్నారు. ఏమీ రాయకుండా ఊరుకోవచ్చు అనిపించింది. మనసులో దేవుణ్ణి తలుచుకుని, "ఫ్యాన్ చప్పుడు, బాబాయ్ గారూ. పిన్ని కాదు" అని రాసిచ్చాను.

ఆయన ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "తెలుసు తల్లీ. మిషన్లతో బతికినోణ్ణి. ఎవరో ఒకరు చెప్పాల కదా, అందుకొచ్చేను" అన్నారు. తర్వాత, "తీసెయ్. ఆవిడ కానిది ఆవిడలాగ మాటాడకూడదు" అన్నారు.

అందుకు కావలసిన కోడ్ ముక్క ఏఐని అడగకుండా నేనే రాశాను. మనిషి గొంతు లేకపోతే తెర ఖాళీగా ఉండాలి, అంతే. ఫ్యాన్ మళ్ళీ వేశాను. ఏమీ పడలేదు. ఇంక వెళ్తారనుకున్నాను. ఆయన కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకున్నారు.

"ఏదైనా మాటాడు తల్లీ. పనికొచ్చేదే అక్కర్లేదు."

అలాంటి మాటలు మాట్లాడి ఎంత కాలమైందో. చివరికి మా నాన్న షిఫ్టు నుంచి వచ్చి, నిద్ర ఆపుకుంటూ నాకు భిన్నాలు చెప్పిన సంగతి మొదలుపెట్టాను. చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆగాను. సంతోష్ భయ్యా వచ్చి హారన్ కొట్టేదాకా ఆయన చదువుతూనే ఉన్నారు.

ఏఐ రాసిన కోడ్‌లో తప్పులు పట్టడం అంత కష్టం కాదని ఈ పని నాకు నేర్పింది. అది సరిగ్గా చేసినచోట ఏం పోతోందో చూడాలంటే, ఎవరి కోసం చేశామో వాళ్ళింట్లో కాసేపు కూర్చోవాలి. ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా ముందు ఇంటికి వచ్చి చూస్తానని చెబుతున్నాను. కొందరు వద్దంటారు, కొందరు టీ ఇస్తారు.

చదివినవాళ్ళని ఒకటి అడుగుతాను. మీరు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు మరోదా నారాయణమ్మ గారిని ఒక్కసారి తలుచుకోండి. ఆవిడకి మాట్లాడడం చాలా ఇష్టం.