కెజియా ఇంట్లో వదిలేసిన గోలీలు

2024 నవంబరులో హనుమకొండలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఇరవై ఇద్దరు పిల్లల్ని జపాన్ తీసుకెళ్లాను. నేను టూర్ మేనేజర్‌ని. వీసా కాగితాల దగ్గర్నుంచి పిల్లలు తిరిగి ఇల్లు చేరేదాకా బాధ్యతంతా నాదే. పాత గుళ్లు, కోటలు, అక్కడివాళ్లు టీ ఇచ్చే పద్ధతి చూడాలని బయల్దేరాం.

క్యోటోలో మూడో రోజు పొద్దున, హిమేజీ కోటకు పోవాల్సిన పూట, కెజియా నా గదికి వచ్చింది. డోర్నకల్ అమ్మాయి. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేస్తాడు.

"అక్కా, నేను కోటకు రాను. రూములనే ఉంట."

"నిన్నటిదాకా కోట కోట అని నువ్వే ఎగిరినవు గదా?"

కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "నాకు ఫిట్స్ ఉన్నయి. రోజూ గోలీలు వేసుకోవాలె. ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరని మా సీనియర్ చెప్పిండు. ఇంట్లనే పెట్టొచ్చిన."

"మరి మెడికల్ ఫారంల ఎందుకు రాయలే?"

"రాస్తే తీసుకపోరని."

ఆ కోట లోపలి చెక్కమెట్లు నిటారుగా ఉంటాయి. అక్కడ ఫిట్స్ వచ్చి పడితే? కొన్ని మందులకు జపాన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి, నిజమే. కానీ పేరు అడిగి చూస్తే, ఆమె వాడేది వాటిలో లేదు.

వెంట వచ్చిన లెక్చరర్‌కు చెబితే కంగారుపడ్డారు. "రిస్క్ వద్దు మేడం, రేపే ఫ్లైట్ ఎక్కించి పంపిద్దాం."

"మూడు రోజులుగా మందు లేని పిల్లను విమానం ఎక్కించడమే రిస్క్ సార్. మీరు గైడ్‌తో కలిసి మిగతావాళ్లను కోటకు తీసుకెళ్లండి. ఈమెను నేను చూసుకుంటాను."

ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే దగ్గర్లోని ఆసుపత్రి చెప్పి, మా మాటలు జపనీస్‌లో చెప్పే మనిషిని లైన్లోకి ఇచ్చారు. కెజియా అమ్మ మందుల చీటీ ఫోటో పంపింది. డాక్టర్ అది చూసి అదే మందు రాశాడు. ఈరోజు విశ్రాంతి, రేపట్నుంచి తిరగొచ్చు, కానీ పక్కన ఎప్పుడూ ఒకరుండాలి అన్నాడు. మొదటి గోలీ అక్కడే వేసుకుంది.

బయటికొచ్చాక అన్నాను, "పక్కన ఉండేటోళ్లకు సంగతి తెలియాలె గదా బిడ్డా."

సాయంత్రం అందరూ తింటుంటే తనే లేచి నిలబడింది.

"నాకు ఫిట్స్ వస్తే చేతుల తాళంచెవులు పెట్టకుండ్రి. నోట్ల ఏం కుక్కకుండ్రి. పక్కకు తిప్పి పండబెట్టుండ్రి, ఎంతసేపు ఉన్నయో టైం చూసుకుండ్రి. అంతే."

ఆమె రూమ్మేట్, "జర ముందే చెప్పొచ్చు గదనే" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. నారాలో, ఒసాకాలో ఎక్కడ తిరిగినా ఆ ఇద్దరూ విడిపోలేదు. కెజియాకు ఫిట్స్ రాలేదు.

ఫారం చేతికిస్తే పిల్లలు నిజం రాస్తారని అంతకుముందు నమ్మేదాన్ని. ఇప్పుడు ప్రతి ట్రిప్పుకు ముందు ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటాను. మొదటి మాటే చెప్పేస్తాను: జబ్బుందని ఎవర్నీ వదిలేసి పోను, మందు లేకుండా మాత్రం ఎవర్నీ తీసుకుపోను.