బస్తా ఇవ్వని బర్మా పిన్ని

మా పిన్ని పోయిందన్న కబురు మిరపకాయల లారీ మీద వచ్చింది. గుంటూరు కొట్లకు సరుకు తెచ్చిన మా ఊరి డ్రైవరు బస్తాలు దించడం కూడా కాకముందే మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, బర్మా పిన్నమ్మ నిద్దట్లోనే పోయిందంట. నిన్ను ఎక్కించుకు రమ్మన్నాడు మీ నాన్న" అన్నాడు. ఖాళీ లారీలో ఊరు చేరేదాకా ఏడ్చాను.

ఇప్పుడు ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే మాత్రం కన్నీళ్ళ కంటే ముందు కోపం వస్తోంది. ఊరు ఆమెను బర్మా ఆమె అంది. సర్కారు కాగితాలు పరదేశి అన్నాయి. నాకు మా బాబాయి భార్య, పిన్ని. చచ్చిపోయినవాళ్ళ గురించి నెమ్మదిగా రాయాలంటారు. ఆమె నెమ్మదైన మనిషే. నేను కాదు.

మా బాబాయి మీసాలు రాకముందే రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో కుదిరాడు. యుద్ధం రోజుల్లో మనవాళ్ళంతా కొండలెక్కి, అడవులు పడి తిరిగొస్తే ఆయన రాలేదు. పోయాడనే అనుకున్నారు ఇంట్లో. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడో, ఆ ముందు ఏడో, ఒక పొద్దున బస్సు దిగి వచ్చాడు. వెనకాల లుంగీ లాంటి గుడ్డ కట్టుకుని, జడలో పువ్వు పెట్టుకుని, సన్నగా పిన్ని. మా నాయనమ్మ కాళ్ళకు నీళ్ళయితే ఇచ్చింది గానీ మొహం గంటు పెట్టుకునే ఉంది. సాయంత్రం అన్నాలయ్యాక పిన్ని సంచీలోంచి బొటనవేలంత లావు చుట్ట తీసి అరుగు మీద కూర్చుని వెలిగించింది. మా నాయనమ్మకు చుట్ట లేనిదే పొద్దు గడవదు. కాసేపు చూసి, చూసి, "ఏమ్మా, ఇంకోటుందా?" అంది. ఆ చుట్ట కాలేసరికి అత్తాకోడళ్ళు ఒకటైపోయారు.

తెలుగు బాబాయి దగ్గరే నేర్చుకుంది. మిల్లు మేనేజర్లతో మాట్లాడే తెలుగే ఆయన నేర్పాడో ఏమో, ఆమెకు ప్రతివాళ్ళూ 'అండి'యే. గేదెను "కాస్త అటు జరగండి" అనేది. వంటింట్లో దూరిన కుక్కను "బయటికి నడవండి" అంటూనే చీపురుతో ఒకటిచ్చేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. తనూ మాతోపాటు నవ్వేది గానీ మార్చుకునేది కాదు.

ఏడాదికోసారి కొత్తపట్నం వెళ్ళి ఎండురొయ్యలు మూటగట్టుకుని వచ్చేది. వాటిని పచ్చిమిరపకాయలేసి రోట్లో దంచితే వీధి మొత్తం ముక్కు మూసుకునేది. ఆనక అదే వీధి గిన్నెలు పట్టుకుని వచ్చేది. ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్ళింది. రొయ్యల బేరం అయ్యాక సముద్రం ఒడ్డున ఇసకలో కూర్చుంది. "ఈ నీళ్ళకు అటుపక్కనే మా ఊరండి" అంది లేస్తూ. అంతే. ఇంటి మీద బెంగ గురించి నేను ఆమె నోట విన్న మాట అదొక్కటే.

రంగూన్ సంగతులు కల్లంలో చెప్పేది. ఎండిన కాయలు పరిచి తాలు ఏరేటప్పుడు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయను వేరు చేసేటప్పుడు, చేతులకే పని, నోటికి ఖాళీ. అక్కడ బాబాయి పరదేశి. ఏటా కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. ఒక ఏడు ముద్ర వేసేవాడి చెయ్యి తడపలేదని ఆ కాగితమే దొంగదన్నారు. మనిషిని పట్టుకెళ్ళి లాకప్పులో వేశారు. కోర్టులో చెప్పుకుందామంటే ఆ కోర్టు గుమాస్తాకీ చెయ్యి చాచడమే వచ్చు.

"నేను గాజులు అమ్మి ఇచ్చానండి. వదిలారు. పై నెలలో మళ్ళీ వచ్చారు. ఈసారి చెవులవి అడిగారండి" అంది పిన్ని, చేతిలో కాయను తిప్పి చూస్తూ. "ఇచ్చిన సొమ్ము మర్చిపోతారండి. ఇచ్చిన ఇల్లు మర్చిపోరు."

ఆ మాట ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో. చివరికి అక్కడ ఉండలేకే ఇద్దరూ ఓడెక్కి వచ్చేశారు.

ఇక్కడికొచ్చాక కథ తిరగబడింది. బాబాయి ఇంటివాడు, ఆమె పరదేశి. ఏటా తాలూకా ఊళ్ళో పోలీసు స్టేషనుకు వెళ్ళి, ఇంకా ఇక్కడే ఉన్నానని చూపించుకుని, సబిన్స్పెక్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. ఏ స్టేషనో రాయను. ఆ కుర్చీలో ఇప్పటికీ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఆ పని బాబాయే చూసుకునేవాడు. చూసుకోవడమంటే ఏమిటో ఆయన పోయాక గానీ మాకు తెలియలేదు. ఏటా మొదటి కోత కాయల్లో, ఎర్రగా నిగనిగలాడేవి ఏరి, ఒక బస్తా స్టేషనుకు పంపేవాడు. పిన్నికి తెలియకుండా. బాబాయి పిరికివాడని నేననను. ఒకసారి లాకప్పు చూసొచ్చినవాడు, అలిసిపోయినవాడు.

ఆయన పోయిన ఏడు కోతలప్పుడు కానిస్టేబులు సైకిలు మీద వచ్చాడు. నీళ్ళు నమిలి, నమిలి, "అమ్మా, ఈ ఏడు బస్తా రాలేదని అయ్యగారు అడుగుతున్నారు" అన్నాడు.

"ఏం బస్తా అండి?" అంది పిన్ని.

అతనే చెప్పాడు. ఆ సాయంత్రం పిన్ని బాబాయి ఫోటో ముందు నిలబడి, "ఇక్కడ కూడానా అండి?" అని అడిగింది. ఆ గొంతు నేను మర్చిపోలేను.

మా నాన్న రైతు. రైతుకు పోలీసంటే వడగళ్ళ వాన లాంటిది, తలుపేసుకుని కూర్చోవడమే తెలుసు. "ఒక బస్తా కాయలే గదమ్మా, పడేస్తే పీడా పోయిద్ది" అన్నాడు.

"ఒక బస్తా కాదు బావగారూ. నేను పోయేదాకా ఏటా బస్తానండి. నేను ఈ ఊరి మనిషినని చెప్పుకోడానికి కాయలు తూయాలా అండి?"

"తీసకపోయి ఓడెక్కిస్తే ఏం చేస్తావ్? అక్కడ ఎవరున్నారమ్మా నీకు?"

"ఎవరూ లేరండి. అందుకే ఇవ్వను."

నాకు భయమేసింది. ఆమెకు ఉన్నదల్లా ఈ ఊరూ, బాబాయి మిగిల్చిన కాస్త మెట్ట చేనూ, మేమూ. ఒక్క సంతకం ఆగిపోతే అన్నీ పోతాయి.

కొన్నాళ్ళకు ఇద్దరు కానిస్టేబుళ్ళు మా కల్లానికే వచ్చారు. పరదేశి మనిషి స్టేషనులో చెప్పకుండా ఊరు దాటి కొత్తపట్నం వెళ్ళిందట. అది నేరమట.

"కొత్తపట్నం ఏ దేశంలో ఉందయ్యా? మన జిల్లాలోదేగా!" అన్నాడు మా నాన్న.

"మాకు తెలియదండీ. తీసుకురమ్మన్నారు."

పిన్ని లేచి చేతులు కడుక్కుంది. కోక దులుపుకుంది. "మీరు కానివ్వండి, నేను వెళ్ళొస్తానండి" అంది ముఠాతో. బాబాయి పోయాక ఆమె ఊళ్ళో ఆడకూలీల ముఠాలో కలిసింది. ఆమె చేలో కోతకు వాళ్ళొచ్చేవాళ్ళు, వాళ్ళతో కలిసి ఆమె అందరి చేలకూ వెళ్ళేది. మా వైపు కోత ముఠాకు ఒక కట్టు ఉంది. పొద్దున ఎంతమంది కలిసి పనిలో దిగితే సాయంత్రం అంతమందీ కలిసే ఊళ్ళోకి రావాలి. ఒకరికి తేలు కుట్టినా, నొప్పులొచ్చినా, మిగతావాళ్ళు గట్టు మీద కూర్చుంటారు గానీ వదిలి రారు.

ముఠా పెద్ద పళ్ళూడిపోయిన ముసలమ్మ. ముందున్న కానిస్టేబులుకు అడ్డంగా నిలబడింది. "మా మనిషిని నువ్వు తీసకపోతే మేం ఇంటికెట్టా పోతాం? పొద్దున కలిసి దిగాం. కలిసే పోవాల."

"స్టేషన్లో మీకేం పనే?"

"పని మేం తెచ్చుకుంటాంలే."

తాలు ఏరాల్సిన బస్తాలు అలాగే ఉన్నాయి. వాటిని ఆడవాళ్ళే మోసి మా బండిలో వేశారు. మా నాన్న ఎడ్లు కట్టాడు. కాయ ఆలస్యమైతే ధర పోతుందని ఆరాటపడే మనిషి.

ఆ ఊళ్ళో స్టేషనూ, సబ్ జైలూ, మేజిస్ట్రేటు కోర్టూ ఒకే ఆవరణలో ఉంటాయి. ముఠా స్టేషను ఎదుట గోనె పట్టాలు పరిచింది. బస్తాలు కుమ్మరించింది. నినాదాలు లేవు, శాపనార్థాలు లేవు. తాలు ఏరడం మొదలుపెట్టారు, అంతే. ఎండు మిరపకాయను తిరగేస్తే లేచే ఘాటు మాకు గాలితో సమానం. అలవాటు లేనివాళ్ళకు ఎలా ఉంటుందో మధ్యాహ్నం గాలి తిరిగాక తెలిసింది. ముందు సెంట్రీ తుమ్మాడు. తర్వాత రైటరు. సబ్ జైల్లో ఖైదీలు దగ్గుతూనే నవ్వడం బయటికి వినిపించింది.

బంధువునని చెప్పి నేను లోపలికి వెళ్ళాను. సబిన్స్పెక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఎందుకమ్మా ఈ గోలంతా? బస్తా పంపిస్తానని ఒక్క మాట అను. సంతకం పెడతా, ఇంటికి పో" అన్నాడు.

"నువ్వు దొంగవి" అంది పిన్ని.

అరవలేదు. అన్నం వడ్డించనా అన్నంత మామూలుగా అంది. మా గేదెకు దక్కిన మర్యాద ఆయనకు దక్కలేదు.

ఆయన రుమాలు తీసేశాడు. "పరదేశిదానివి. లోపల వేస్తే నీకోసం అడిగే దిక్కుందా?"

"అడిగేవాళ్ళు బయట కూర్చున్నారు. లోపల వెయ్యి. ఎందుకు వేశావో రాసి వెయ్యి. బస్తా ఇవ్వలేదని రాయి."

వేశాడు. రాయలేదు. చీకటి పడినా ముఠా కదల్లేదు. ఊళ్ళోంచి అన్నాలు వచ్చాయి. పిల్లల తల్లులు పిల్లల్ని అక్కడికే తెప్పించుకున్నారు.

మర్నాడు కోర్టు మొదలైంది. ఏదో గట్టు తగాదాలో ప్లీడరు గొంతెత్తబోయి తుమ్మాడు. బెంచి మీద మేజిస్ట్రేటూ తుమ్మాడు. కాసేపు ఓర్చుకుని ఆయనే వరండాలోకి వచ్చాడు. "ఇది కోర్టనుకున్నారా, కల్లమనుకున్నారా?" అని గద్దించాడు.

ముసలమ్మ లేచి చేతులు జోడించింది. "కల్లంలో మనిషిని మీవాళ్ళు ఇక్కడికి తెచ్చారు బాబూ. మనిషి వెంట కల్లం కూడా వచ్చింది."

ఆయన సబిన్స్పెక్టరును పిలిపించాడు. ఏం కేసన్నాడు. విచారిస్తున్నామన్నాడు ఈయన. కాగితమేదన్నాడు. కాగితం లేదు. కేసు రాస్తే పిన్ని కోర్టులో నోరు తెరుస్తుందని ఈయన రాయలేదు మరి. "రాత్రంతా ఆడమనిషిని కాగితం లేకుండా లోపల ఉంచావా?" అని, లాకప్పు తలుపు తెరవమన్నట్టు చెయ్యి చూపించాడు మేజిస్ట్రేటు.

పిన్ని బయటికి వచ్చింది. ఎండకు కళ్ళు చికిలించింది. ముఠా మధ్యలో తన చోట కూర్చుని, "కాసిని మిగిలాయి గదండీ, ఏరేసి వెళ్దాం" అంది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను.

న్యాయం జరిగిందని నేను రాయను. ఆ సబిన్స్పెక్టరుకు ఏమీ కాలేదు, పైగా ప్రమోషనొచ్చింది. ఏటా సంతకానికి వెళ్ళక తప్పలేదు. బస్తా ఇవ్వదని తెలుసు గనక పొద్దుటినుంచి సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టేవాళ్ళు. పిన్ని వెంట చేటెడు మిరపకాయలు తీసుకెళ్ళేది. "ఊరికే కూర్చోవడం దేనికండి, తొడిమలు తీసుకుంటా" అనేది. తర్వాత తర్వాత మధ్యాహ్నానికే సంతకం పెట్టి పంపేయడం మొదలుపెట్టారు.

ఈ దేశం మనిషిగా రాసుకోమని దరఖాస్తు కూడా పెట్టింది. జవాబు రాలేదు.

అరవైల నడుమ రంగూన్ నుంచి మనవాళ్ళను ఓడల్లో పంపేసినప్పుడు ఒక కుటుంబం మా ఊరు చేరింది. ఆ ఇల్లాలి ముక్కుపుడక కూడా రేవులో ఊడబీకారట. చెప్పి ఏడుస్తుంటే పిన్ని తలొంచుకుని విన్నది. తన వాళ్ళు చేసిన పనికి తను సిగ్గుపడుతోందని ఆ మొహం చూస్తే తెలిసింది. చివరికి, "కుర్చీ ఎక్కితే మావాళ్ళూ మీవాళ్ళూ ఒకటేనండి. కింద కూర్చున్నవాళ్ళమే మనం మనం" అంది. ఆ ఇల్లాలికి తన కోక ఒకటి ఇచ్చి, మర్నాడు ముఠాలోకి తీసుకొచ్చింది.

పోయే ఏడు కూడా చేను తనే వేయించింది. మొదటి కోత చూడకుండానే పోయింది.

చిన్నదినం నాడు స్టేషను నుంచి ఒక కానిస్టేబులు వచ్చాడు. కొత్తవాడు, మర్యాదస్తుడు. పరదేశి మనిషి తన చోటు వదిలి వెళితే ఎక్కడికి వెళ్ళిందో రాసుకోవాలట. కాగితం తీసి, "ఎక్కడికి వెళ్ళిందని రాయమంటారండీ?" అని అడిగాడు.

మా నాన్న మంచం మీంచి లేచాడు. ఈమధ్య కర్ర లేకుండా నడవడం లేదు. ఆ రోజు కర్ర తీసుకోలేదు. "ఎక్కడికీ వెళ్ళలా. చేలోనే ఉంది. రా, చూపిస్తా" అన్నాడు.

నేనూ వెనకాల నడిచాను. బాబాయి పక్కన కొత్త మట్టి ఇంకా తడారలేదు. చుట్టూ ఆమె వేసిన మిరప, కాయ ఎర్రబడి కోతకు వచ్చి ఉంది.

"అదుగో మా మరదలు" అన్నాడు మా నాన్న. ఆయన గొంతు అంత గట్టిగా ఉండడం నేనెన్నడూ వినలేదు. "ఇప్పుడు తీసకపొమ్మను మీ అయ్యగార్ని. చూద్దాం."

కానిస్టేబులు ఏమీ రాయకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, పండిన చెట్లకు బూట్లు తగలకుండా ఒక్కో అడుగూ చూసి వేస్తూ, ఆమె చేలోంచి మెల్లగా బయటికి నడిచాడు.