నీళ్ళడిగే నర్సమ్మ

మా అమ్మ ఆఖరిసారి మా ఇంటికొచ్చి చేసిన పని మంచినీళ్ళు అడగడం.

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, కాటా ఉన్న సంచి కుర్చీ కింద పెట్టి, రెండు నెలల నా పాపని నా చేతుల్లోంచి అందుకుంది. కాసేపు దాని అరికాళ్ళు నిమిరింది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "బాబూ, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతావా?" అంది.

"నీ సంచిలో సీసా ఉందిగా," అన్నాను. ఉండటమే కాదు, మూత దాకా నిండుగా ఉంది.

"అవి వేడెక్కాయే."

మా ఆయన లేవబోయాడు. "మీరు కూర్చోండి, నేను తెస్తా," అని నేనే వంటింట్లోకి వెళ్ళాను.

కుళాయి కింద గ్లాసు పెట్టి నిలబడ్డాను. గ్లాసు నిండింది, పొర్లింది, పొర్లుతూనే ఉంది. కుళాయి కట్టేస్తే ముందు గదిలోకి వెళ్ళాలి. వెళితే పాపని మళ్ళీ ఎత్తుకోవాలి. అప్పట్లో నా కష్టమంతా అదే. పాప ఏడిస్తే పక్కింటి పిల్లెవరో ఏడుస్తున్నట్టుండేది. పాలిచ్చేదాన్ని, గుడ్డలు మార్చేదాన్ని, జోకొట్టేదాన్ని, అన్నీ వేళకి చేసేదాన్ని. లోపల మాత్రం ఏదీ కదిలేది కాదు. అది పడుకున్నాక నేను గోడ చూస్తూ కూర్చునేదాన్ని. తలుపు దగ్గరగా వేసి ఎటైనా నడుచుకుంటూ పోదామని రెండుసార్లు అనిపించింది. వేరే ఎవరితోనైనా చెప్పుకునేదాన్నేమో. ఎందరో తల్లుల్ని నిలబెట్టిన మనిషికి కూతురై పుట్టి, ఆవిడతోనే ఈ మాట ఎలా అనను?

గ్లాసు తెచ్చిచ్చాను. అమ్మ ఒక్క గుక్క తాగి కిటికీ గట్టు మీద పెట్టేసింది.

"ఎలా ఉంటున్నావే?"

"బాగానే ఉన్నానమ్మా."

"బానే ఉందండీ. పాపే పడుకోనివ్వడం లేదు," అన్నాడు మా ఆయన.

అమ్మ నన్నింకేం అడగలేదు. వెళుతూ గుమ్మంలో ఆగి నా జడ ముడి సరిచేసింది. "రోజూ ఎన్నింటికి బయల్దేరతావు బాబూ పనికి?" అని మా ఆయన్ని అడిగింది.

"పదిన్నరకండీ."

ఏదో మాటవరసకి అడిగిందనుకున్నాను. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్ళబోతూ చెప్పులేసుకోవడానికి వంగిన మనిషి మరి లేవలేదు. గుండె ఆగిందన్నారు.

అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు వీధులు తిరిగిన నర్సు. ఆస్పత్రిలో మంచాల మధ్య పనిచేసింది తక్కువ. పదకొండు వీధులు ఆవిడవి. ఆ వీధుల్లోని బాలింతలూ చంటిపిల్లలూ ఆవిడ లెక్కే. తలుపు పైకమ్మికి కాటా తగిలించి, దానికి వేలాడే గుడ్డ ఉయ్యాల్లో బిడ్డని వేసి తూచేది. ముల్లు నిలబడే దాకా, "ఊరుకో నాన్నా, నువ్వు ఊగితే నేను తప్పు రాస్తాను, మా పెద్ద డాక్టరు నన్ను తిడతాడు," అంటూ బిడ్డని బతిమాలేది.

బడి సెలవుల్లో నన్నూ వెంట తిప్పుకునేది. సంచి మోయడం నా పని. అందులో నీళ్ళ సీసా ఎంత బరువో నా భుజానికి తెలుసు. అయినా ప్రతి ఇంట్లోనూ అమ్మ నీళ్ళడిగేది. అదీ బాలింతని కాదు, అత్తగారినో, భర్తనో, ఆడపడుచునో.

ఒకింట్లో అత్తగారు అనేసింది కూడా. "ఉద్యోగమిచ్చినవాళ్ళు ఒక సీసా కొనివ్వలేకపోయారా నర్సమ్మా?"

"ఇచ్చారండీ. మీ కుండ చల్లదనం ఆ సీసాకి ఎక్కడిది?"

ఆవిడ పొంగిపోయి, కొత్త గ్లాసు వెతకడానికి లోపలికి వెళ్ళింది.

"అడుక్కుంటున్నట్టుందమ్మా, నాకు సిగ్గేస్తోంది," అన్నాను బయటికొచ్చాక. అప్పుడు నాకు పదేళ్ళు.

"దాహానికి సిగ్గేంటే? ఈసారి నువ్వూ లోపలికెళ్ళి తాగిరా."

ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ నన్నూ వంటింట్లోకి తోలేది. పొట్ట నీళ్ళతో గలగలమంటూ తిరిగొచ్చేసరికి, కొన్నిళ్ళలో ఆ పిల్లతల్లి కొంగుతో మొహం తుడుచుకుంటూ కనిపించేది. అమ్మ తలొంచుకుని కార్డులో ఏదో రాస్తుండేది. బిడ్డ బరువు తగ్గితే తల్లులు ఏడుస్తారు కాబోలు అనుకునేదాన్ని.

వీధుల్లో ఆవిడ పేరు నీళ్ళ నర్సమ్మ. నాన్న ఇంట్లో ఏడిపించేవాడు. "మీ అమ్మ పదకొండు వీధుల నీళ్ళూ తాగేస్తోంది. కుళాయిల ఆఫీసువాళ్ళు ఎప్పుడో మన మీద పడతారు."

"రానీండి. వాళ్ళనీ ఓ గ్లాసు అడుగుతా," అనేది అమ్మ.

అంతకు మించి ఆ ఇళ్ళ సంగతులు మా ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

అమ్మ పోయిన రెండు వారాలకి, ఆవిడ దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకున్న చిన్న నర్సు మా ఇంటికొచ్చింది. అమ్మ సంచి ఇప్పుడు ఆ అమ్మాయి భుజాన ఉంది. పట్టీ పొడుగెక్కువై మోకాలి దాకా వేలాడుతోంది. ఓదార్పు మాటలేవో మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేక, "పాపని ఓసారి తూద్దామా అక్కా?" అంది. తూచింది. రాసుకుంది. తర్వాత మా ఆయనతో, "అన్నయ్యా, కాసిని మంచినీళ్ళిస్తారా?" అంది.

నేను లేచాను. ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. "మీరు కాదక్కా. అన్నయ్యని తేనివ్వండి."

ఆయన లోపలికెళ్ళాడు. కుళాయి చప్పుడు వినిపించగానే ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "పాప పడుకున్నాక మీకు నిద్ర పడుతోందా?"

"లేదు," అన్నాను.

ఆ ఒక్క మాట దాటాక మిగతాదంతా దానంతటదే వచ్చేసింది. గోడ, తలుపు, నడుచుకుంటూ పోవాలనిపించడం. ఆ అమ్మాయి తెల్లబోలేదు, జాలి చూపూ చూడలేదు. "ఇది చాలామందికి వస్తుందక్కా. మందుంది, తగ్గుతుంది. రేపు పదింటికి డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తాను," అంది. అప్పటికి మా ఆయన గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయన ముందే నేను ఏడ్చాను. ఆయన పాపని ఎత్తుకుని, ఆ గ్లాసు నాకే ఇచ్చాడు.

కాస్త తేరుకున్నాక అడిగాను. "ఈ నీళ్ళడగడం అమ్మ నేర్పిందా?"

"మా అందరికీ. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒకింటికి వెళ్ళారట మేడం. గది నిండా చుట్టాలు. ఎలా ఉన్నావమ్మా అంటే, బాగున్నానండీ అందట ఆ తల్లి. బాగుంది అని రాసుకొచ్చేశారు. నాలుగో రోజుకి ఆ అమ్మాయి లేదు. అప్పటి నుంచీ ఇంట్లోవాళ్ళ ముందు ఏ తల్లి చెప్పిన జవాబునీ నమ్మలేదు, వాళ్ళని వంటింటికి పంపాకే అడిగేవారు. మాకు దొరికేది రెండు నిమిషాలే, అందులోనే అడగాలి అనేవారు."

"మరి ఆ తల్లే లేచి నీళ్ళకి వెళితే?"

చిన్న నర్సు సంచి పట్టీ సవరించుకుంది. చెప్పాలా వద్దా అనుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"ఒక్కరోజు ఆగి మళ్ళీ వెళ్ళాలి. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని." పాప కార్డు సంచిలో పెడుతూ అంది. "పోవడానికి ముందురోజు, సోమవారం సాయంత్రం మేడం నాకు ఫోన్ చేశారు. బుధవారం నా వీధులు నువ్వు చూసుకో, సెలవు పెడుతున్నా అన్నారు. ఆరేళ్ళలో ఆవిడ సెలవు పెట్టడం నేను చూళ్ళేదు. ఏంటి మేడం, ఒంట్లో బాలేదా అన్నాను. ఒకింట్లో నీళ్ళు రావడానికి చాలాసేపు పట్టింది, అన్నారు. ఎవరిల్లో చెప్పలేదు. నేనూ అడగలేదు."

"రోజంతా సెలవా?"

"లేదక్కా. పదకొండు నుంచి."